ఎంగిలి నాకిన యంత్రం

రామచంద్రపురంలోని వాణీసదన గ్రంథాలయంలో, లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించేటట్టు గోడకు ఒక పాలరాతి పలక బిగించి ఉండేది. దానిమీద ఒకే వాక్యం: "ఎవరు ఏమి చదివారో అడుగరాదు, అడిగినా చెప్పరాదు." దాన్ని చెక్కించిన కామేశ్వరమ్మగారు బాలవితంతువు. పదకొండవ యేట చాటుగా పుస్తకం చదువుతూ పట్టుబడి, కుడి అరచేతిలో వాత పెట్టించుకున్న మనిషి. పెద్దయ్యాక ఆస్తి చేతికి వచ్చిన నాడు ఆమె గుడి కట్టించలేదు, సత్రం కట్టించలేదు. ఈ గ్రంథాలయం కట్టించింది.

ఆమె పెట్టిన పద్ధతి మరెక్కడా నేను చూడలేదు. ప్రతి పాఠకునికీ ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు. దానిమీద పేరు ఉండదు, అంకె ఉండదు, ఒక బొమ్మ మాత్రం ఉంటుంది. చేప, చిలుక, నాగలి, పడవ, ఇలా. పుస్తకం తీసుకున్నవాడు బీరువాలో దాని చోట తన బిళ్ళను ఉంచి పోతాడు. పుస్తకం తిరిగి పెట్టి బిళ్ళను తీసుకుంటాడు. ఏ కాగితం మీదా ఏదీ వ్రాయరు. నా బిళ్ళ మీద శంఖం ఉంది. ఎనభై యేళ్ళలో ఆ గ్రంథాలయం పోగొట్టుకున్నవి పదిహేడు పుస్తకాలు.

అటువంటి చోటికి యంత్రాన్ని రప్పించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే. చెబుతున్నంతసేపూ నాకు రోత పుట్టడానికి కారణమూ అదే.

నా పేరు మంథా సోమసుందర చయనులు. ప్రాచ్య కళాశాలలో ముప్ఫై నాలుగేళ్ళు వ్యాకరణమూ అలంకారశాస్త్రమూ చెప్పి విరమించాను. గ్రంథాలయ సంఘానికి ఉపాధ్యక్షుణ్ణి. నా అలవాటు ఒకటి మొదటే ఒప్పుకోవాలి. నేను పుస్తకాన్ని ఎవరి చేతి నుంచీ అందుకునేవాణ్ణి కాను. గ్రంథపాలకురాలు దయామణి ఇరవై ఆరేళ్ళుగా పుస్తకాన్ని తెచ్చి బల్లమీద పెట్టేది; ఆమె రెండడుగులు వెనక్కు వేశాక నేను తీసుకునేవాణ్ణి. ఇంటికి తెచ్చి, పచ్చకర్పూరం కలిపిన నీళ్ళలో గుడ్డ తడిపి గట్టిగా పిండి, అట్టలనూ ప్రతి పుటనూ ఒత్తి తుడిచి, నీడలో ఆరబెట్టి, ఆ తరువాత చదివేవాణ్ణి. పురుగు పట్టకుండా అని నలుగురితో చెప్పేవాణ్ణి. పురుగు మాట సగమే నిజం.

గ్రంథాలయాన్ని కాలానికి తగినట్టు యాంత్రికం చేయాలని అధ్యక్షుడు జోగిరాజుగారు సంకల్పించారు. ఆయనకు ఊళ్ళో బడీ, జూనియర్ కాలేజీ ఉన్నాయి. ఏ కంపెనీ యంత్రం మనకు తగునో పక్షపాతం లేకుండా చెప్పడానికి హైదరాబాదు నుంచి పృథ్వీధర్ అనే కన్సల్టెంటును పిలిపించారు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి; మెత్తని మాట, మెత్తని బూట్లు. వచ్చిన నెలలోనే కొత్త కార్డులని చెప్పి పదకొండు వందల మంది సభ్యులచేత గాజుపలక మీద బొటనవేళ్ళు ఒత్తించాడు. తలుపు దానంతట అదే తెరుచుకోవడానికి తప్ప ఆ ముద్రలు మరి దేనికీ వాడమని అన్నాడు.

ఒక ఉదయం మా వీధి అరుగు మీద కూర్చుని అతడు నాకు ఆ కొత్త విద్య సంగతి చెప్పాడు.

"సార్, మనిషి వేలు కాగితానికి తగిలితే చెమట అంటుతుంది కదండీ. భయపడ్డప్పుడు ఒక రకం చెమట, ఏడుపొచ్చినప్పుడు ఒక రకం, హాయిగా ఉన్నప్పుడు ఇంకో రకం. అరవై డెబ్భై ఏళ్ళయినా కాగితం మర్చిపోదు సార్. మా మిషన్ దాన్ని రుచి చూసి చెప్పేస్తుంది. ఎవరు చదివారు, ఎక్కడ ఆగారు, ఆగినప్పుడు మనసెలా ఉంది."

"దానివల్ల గ్రంథాలయానికి ప్రయోజనం?"

"రీడర్ని అర్థం చేసుకోవచ్చండి. స్కూళ్ళు, ఇన్సూరెన్స్ వాళ్ళు, పెళ్ళి సంబంధాలవాళ్ళు, అందరికీ కావాలి ఇది." నా ముఖం చూసి వెంటనే దారి మార్చాడు. "అదలా ఉంచండి. మీ తాతగారు లైబ్రరీకిచ్చిన వ్యాకరణం పుస్తకం ఉందట కదా. ఆయన ఏ సూత్రం దగ్గర ఆగి ఆనందపడ్డారో మీకు చూపిస్తాను."

మా తాతగారు నేను పుట్టకముందే పోయారు. ఆయన కంఠం నేను వినలేదు. ముఖం ఫొటోలోనైనా చూడలేదు. ఆయన వేలు ఎక్కడ ఆగిందో తెలుస్తుందంటే నా వివేకం నన్ను విడిచి పోయింది. పక్షపాతం లేని సలహాదారు నోట "మా మిషన్" అన్న మాట దొర్లితే, పద్యంలో యతి తప్పితే వీధి చివర నుంచి పట్టుకునే నేను పట్టుకోలేకపోయాను. పైగా ఆ యంత్రానికి సంస్కృతంలో పేరు పెట్టమని అతడు అడిగితే, రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని "స్పర్శలేఖిని" అని నామకరణం కూడా చేశాను.

కాఫీ గ్లాసు తీసుకుపోవడానికి వచ్చిన మా ఆవిడ మాణిక్యాంబ ఆ మాటలు విన్నది. "ఒకరు తిన్న ఆకు ఇంకొకరు నాకినట్టుందే మీ యంత్రం" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు శాస్త్రం తెలియదని నేను పృథ్వీధర్‌కు సర్దిచెప్పాను.

ప్రదర్శన నాడు హాలు నిండింది. యంత్రం హార్మోనియం పెట్టె పరిమాణంలో ఉంది. మీట నొక్కితే దాని నోటి నుంచి పలుచని గాజుముక్క ఒకటి, తడిగా మెరుస్తూ బయటికి వచ్చి, తెరిచిన పుట మీద అటూ ఇటూ పాకింది. పిల్లి పాలగిన్నె నాకే తీరు. ఎదురుగా తెర మీద అక్షరాలు కదిలాయి. అంతవరకు ఉత్సాహంగా ముందుకు వంగి ఉన్న నేను కుర్చీని కాస్త వెనక్కు జరుపుకున్నాను.

ముందుగా మా తాతగారి పుస్తకం పెట్టారు. తెరమీద ఏమీ రాలేదు. రెండో పుట, పదో పుట, నూరో పుట. ఏమీ లేదు.

పృథ్వీధర్ నొసలు చిట్లించాడు. "దీన్ని ఎవరో తడిగుడ్డతో తుడిచారు సార్. మొత్తం క్లీన్. ఈ లైబ్రరీలో ఇలాంటివి వందల పుస్తకాలున్నాయి. ఎవరో గానీ పగబట్టినట్టు తుడిచారు."

దయామణి తల పైకెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు నిలబడింది. ఆమె పెదవి కొస వణుకుతోంది. నవ్వు ఆపుకుంటున్నదని నాకు తెలుసు. మా తాతగారి వేలిజాడను నా చేతులతో నేనే తుడిచేశానని కూడా అప్పుడే తెలిసింది.

"ఇంకేదైనా పుస్తకం తీయండి" అన్నారు జోగిరాజుగారు. "మనం ఎంచుకుంటే ముందే అనుకుని పెట్టామంటారు. చయనులుగారూ, మీరే చెప్పండి."

అక్కడ నేను చేసిన పని నావంటివాడు మాత్రమే చేయగలది. ఏ సందేహం వచ్చినా నిత్యపారాయణ గ్రంథంలో ప్రశ్న చూసుకోవడం మా ఇంటి ఆచారం. కళ్ళు మూసి, ధ్యానించి, పుస్తకం తెరిచి, వచ్చిన అంకెనుబట్టి ఫలం నిర్ణయిస్తాం. నా సంచిలో లావుపాటి పారాయణ గ్రంథం ఎప్పుడూ ఉంటుంది. నిండు సభలో దాన్ని కళ్ళకద్దుకుని తెరిచాను. వచ్చిన పుట పద్నాలుగు వందల ముప్ఫై తొమ్మిది. "పద్నాలుగో బీరువా, మూడో అర, తొమ్మిదో పుస్తకం. ఇది నా ఎంపిక కాదు, భగవంతుడిది" అన్నాను. సభలో కొందరు చప్పట్లు కొట్టారు కూడా.

దయామణి తెచ్చినది నల్ల అట్ట వైద్యగ్రంథం. విషయం మూర్ఛవ్యాధి.

గాజునాలుక చాలాసేపు నాకింది. తెరమీద ఇలా వచ్చింది: ఒకే వ్యక్తి. మూడేళ్ళ క్రితం. పదకొండు వారాలు. అరవైమూడవ పుట, భయం అత్యధికం, దుఃఖం అత్యధికం. పృథ్వీధర్ ఏదో మీట నొక్కాడు. తలుపులు తెరవడానికని తీసుకున్న పదకొండు వందల బొటనవేళ్ళు తెరమీద గిర్రున తిరిగి, ఒకటి నిలిచింది. దాని కింద పేరు: గంటా సూరిబాబు.

సూరిబాబు జోగిరాజుగారి బడి బస్సు డ్రైవరు. ఆ క్షణంలో అతడు బయట బస్సు అద్దం తుడుస్తున్నాడు.

"ఒరి నాయనో!" అన్నారు జోగిరాజుగారు. "నలభై మంది పిల్లల్ని ఎక్కించుకు తిరుగుతున్నాడు, ఫిట్సు ఉన్నవాడా!"

సభంతా గగ్గోలైంది. పృథ్వీధర్ చేతులు కట్టుకుని, పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దలా వినయంగా చిరునవ్వు నవ్వాడు. నేను మెచ్చుకోలుగా తల ఊపాను. ఆ తల ఊపడం తలచుకుంటే ఈనాటికీ పారాయణకు కూర్చున్నప్పుడు నాలుక తిరగదు.

మర్నాడు ఉదయం దయామణి మా ఇంటికి వచ్చింది. గేటు దగ్గరే నిలబడడం ఆమె అలవాటు. ఆరోజు అరుగు మెట్టు దాకా వచ్చింది.

"సూరిబాబుని తీసేశారండీ మాష్టారూ. బస్సు తాళాలు లాగేసుకున్నారంట."

"రోగం దాచి బస్సు నడపడం తప్పు కదమ్మా."

"ఎవరికండీ రోగం?" ఆమె గొంతు నాతో ఎన్నడూ అంత గట్టిగా లేదు. "హాల్లో మూడొందల మంది ఉన్నారు. సదువుకున్నోళ్ళు, పండితులు. అందరూ తెర వంకే సూశారు గానీ, పుస్తకం అక్కడే బల్లమీద తెరిచి ఉంది కదండీ. అరవైమూడో పేజీలో ఏం రాసుందో ఒక్కరైనా సూశారా?"

ఆ పుటను గుర్తు తెచ్చుకోబోయాను; తెర తప్ప ఏదీ కళ్ళకు రాలేదు.

"ఆ పేజీ పైన పెద్దక్షరాల్లో ఉందండి, బాల్యంలో వచ్చే మూర్ఛ అని. ఆ పుస్తకం బీరువాలో లేని పదకొండు వారాలూ ఆ సోట పడవ బిళ్ళ ఉంది. ఎవరిదో నాకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు. మూడేళ్ళూ నోరిప్పలేదు, అమ్మగారి పలక అలా సెప్పింది కాబట్టి. మీరేమో దేవుడి పేరు సెప్పి తీయించారు."

గ్రంథాలయంలో, వ్రాసినదాన్ని వదిలి నాకినదాన్ని నమ్మాం. పండితులమట.

సూరిబాబు ఇల్లు ద్రాక్షారామం రోడ్డులో కాలవ గట్టున. నేను వెళ్ళేసరికి అతడు గుమ్మంలో కూర్చుని చేపల వల ముడులు విప్పుతున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. కూతురు శిరీష లోపల చదువుకుంటోంది. పదహారేళ్ళ పిల్ల, జోగిరాజుగారి కాలేజీలోనే ఇంటర్, డ్రైవరు పిల్ల అని సీటు ఇచ్చారు.

"పిల్లకేనా నాయనా?" అని మెల్లగా అడిగాను.

అతడు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "మూడేళ్ళలో మూడు సార్లే వచ్చిందండి బాబూ. మందులేసుకుంటంది. కాకినాడ డాక్టరుగారు తగ్గిపోద్దన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు పిల్ల సచ్చిపోద్దనుకుని ఆ పుస్తకం తెచ్చుకున్నానండి. సగం మాటలు అర్థం కాలా. అర్థమైనయ్యే మళ్ళీ మళ్ళీ సదివా."

"ఈ మాట జోగిరాజుగారితో చెబితే నీ ఉద్యోగం నీకు వస్తుంది."

"వద్దండి." అతడు నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయి, నా ఆచారం గుర్తొచ్చి ఆగి, నేలకు పెట్టాడు. "తెలిస్తే దాని పక్కన బెంచీలో ఎవరూ కూర్చోరు. నర్సు సదువుతానంటంది. ఆ ఉద్దోగం పోతే పోనీండి, నాకే రోగం అనుకోనీండి. మీరు సెప్పనని మాటివ్వండి బాబూ."

మాట ఇచ్చాను. ఇచ్చి ఇంటికి వచ్చి స్నానం చేశాను. అలవాటు ప్రకారం చేశాను గానీ, ఆరోజు దేన్ని కడుక్కుంటున్నానో నాకు తెలియలేదు.

సంఘ సమావేశం శనివారం జరిగింది. యంత్రాన్ని కొనడమా మానడమా అన్నదే విషయం. నేను లేచి, పాలరాతి పలక మాట గుర్తు చేశాను. పాఠకుడు గ్రంథాలయానికి వచ్చేది దేవుడి ముందు మొర పెట్టుకోవడానికి వచ్చినట్టే. గర్భగుడిలో విన్న మొరను వీధిలో దండోరా వేసే పూజారి ఉంటే అతణ్ణి ఏమంటామని అడిగాను. ఇచ్చిన మాటకు కట్టుబడి అంతకుమించి ఏమీ చెప్పలేకపోయాను.

అప్పుడు దయామణి లేచింది. ఆమెకు ఓటు లేదు. చేతిలో రెండు కాగితాలు. "ఇది కన్సల్టెంటుగారు మనకిచ్చిన సలహా రిపోర్టండి. మూడు కంపెనీల్లో ఈ కంపెనీ మిషన్ మంచిదన్నారు. ఇది ఆ మిషన్ వచ్చిన పెట్టె మీద అంటించిన కాగితం. రెండిటి మీదా ఫోన్ నంబరు ఒకటేనండి. నేను ఫోన్ చేశాను. ఈయనే ఎత్తారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పృథ్వీధర్ ముఖంలో ఏ మార్పూ రాలేదు. "అందులో తప్పేముంది మేడమ్? మిషన్ గురించి చేసినవాడికన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?"

"వైద్యుడే పాడె కట్టేవాడైతే రోగి బతికే రోజులు ఎవరు లెక్కపెట్టాలి నాయనా?" అన్నాను.

"పోన్లెండి చయనులుగారూ" అన్నారు జోగిరాజుగారు. "ఎక్కడైనా ఉండేదే. మిషన్ పనిచేసిందా లేదా, అది చూడండి. ఒక ప్రమాదం తప్పించింది మనకి."

ఆ మాటకు తలుపు దగ్గర నుంచి ఒక సన్నని గొంతు, "తప్పించలేదండి" అన్నది.

శిరీష. కాలేజీ యూనిఫాంలో వచ్చింది. చేతిలో పడవ బొమ్మ ఇత్తడి బిళ్ళ. నేను చెప్పలేదని దైవసాక్షిగా ప్రమాణం చేయగలను. ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. వీధిలో తండ్రిని చూసి పిల్లలు కింద పడి ఫిట్సుతో కొట్టుకుంటున్నట్టు వేషాలు వేస్తూంటే రెండు రోజులు చూసిందట.

"ఆ పుస్తకం మా నాన్న నాకోసం సదివారండి. ఫిట్సు నాకు. ఆయనకేం లేదు. ఆయన బస్సు ఆయనకి ఇచ్చెయ్యండి." బిళ్ళను బల్లమీద పెట్టింది. దాని చప్పుడు హాలంతా వినిపించింది.

జోగిరాజుగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. చెడ్డమనిషి కారు, అందుకే ఆ తరువాత అన్న మాట నాకు మరింత అసహ్యం. "పాపం, ముందే చెప్పొచ్చు కదమ్మా. సరే, మీ నాన్నని రేపట్నుంచి రమ్మను. నువ్వు మాత్రం కొన్నాళ్ళు ఇంటి దగ్గర చదువుకో. పరీక్షలకి వద్దువు గాని. మిగతా పిల్లలు భయపడతారు కదా, వాళ్ళ పేరెంట్స్‌కి నేను జవాబు చెప్పుకోవాలి."

పృథ్వీధర్ ఇంతసేపూ తన చేతిలోని ట్యాబ్ మీద ఏదో వ్రాసుకుంటున్నాడు. తలెత్తి, ఎంతో సంతోషంగా, "చూశారా సార్! మిషన్ అబద్ధం చెప్పలేదు. రోగం ఆ ఇంట్లోనే ఉంది. మీ కేసు మా బ్రోషర్‌లో వేసుకుంటాం" అన్నాడు.

పిల్ల బిళ్ళ అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఓట్లు తీశారు. యంత్రానికి అనుకూలం అయిదు, ప్రతికూలం రెండు.

సూరిబాబు బస్సు తాళాలు తీసుకోవడానికి వెళ్ళలేదు. అద్దె ఆటో నడుపుకుంటున్నాడు. శిరీష కాలేజీకి పోవడం మానింది.

ఇరవై రోజులకు పెద్దయంత్రం వస్తుందని, అది వేలకొద్దీ పుస్తకాలను వారంలో నాకి పారేస్తుందని చెప్పారు. ఆలోగా కొత్త చేతులు పడితే పాత జాడలు చెరుగుతాయని గ్రంథాలయం మూసేయించారు. పుస్తకాన్ని మనిషి ముట్టుకోకూడని గ్రంథాలయం! పృథ్వీధర్ సంతకంతో దయామణికి ఒక ఆజ్ఞాపత్రం వచ్చింది. అందులో చివరి పంక్తి ఇది: యంత్రం వచ్చేలోగా బీరువాలు, పుస్తకాలు శుభ్రం చేసి ఉంచవలెను.

ఆ పత్రం దయామణి నాకు చూపించింది. ఎప్పటిలాగే బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కు వేసి.

రెండుసార్లు చదివాను. పగబట్టినట్టు తుడిచారన్న మాట చెవిలో మోగింది. నలభై యేళ్ళు నేను తుడిచిన పుస్తకాలను చదివినవాళ్ళ గుట్టు ఒక్కటీ ఆ యంత్రానికి అందలేదు. వాళ్ళ మీద దయతో తుడిచానా? కాదు. వాళ్ళ చెమట నాకు అంటరాదని తుడిచాను. నాకూ ఆ గాజునాలుకకూ తేడా ఏమిటి? అది మనిషి జాడను ఆశతో నాకింది. నేను రోతతో తుడిచాను. పుస్తకం పట్టుకున్న మనిషిని మనిషిగా ఇద్దరమూ చూడలేదు. నా ఆచారం భగవంతుడి కోసమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ భగవంతుడే పద్నాలుగో బీరువా తెరిపించి, నా ఎంగిలి నాకే చూపించాడేమో.

ఇంటికి వెళ్ళి గుడ్డలు కావాలన్నాను. మాణిక్యాంబ కారణం అడిగింది. చెప్పాను. ఆమె పెట్టె తెరిచి, తన పాత పట్టు మడిచీర తీసి, నా కళ్ళముందే పర్రున చింపింది. "దేనికో దానికి పనికొచ్చింది" అన్నది.

మర్నాడు ఉదయం పచ్చకర్పూరం డబ్బా, గుడ్డల మూట పట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళాను. దయామణి తాళం తీసింది. పద్నాలుగో బీరువాతో మొదలుపెట్టాం. ఆమె మొదటి పుస్తకం తీసి, అలవాటుగా బల్ల వైపు తిరిగింది.

"ఇలా ఇవ్వమ్మా" అన్నాను, చేయి చాచి.

ఆమె ఆగింది. నా చేతి వంక చూసింది, నా ముఖం వంక చూసింది. పుస్తకం నా చేతిలో పెట్టినప్పుడు ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. చల్లగా, పొడిగా, కాగితం వాసనతో, నా వేళ్ళలాగే ఉన్నాయి.

"ఇరవై ఆరేళ్ళు మమ్మల్ని తుడిచారు మాష్టారూ" అన్నది, కోపం లేకుండా. "ఇప్పుడు మాకోసం తుడవండి."

పంతొమ్మిది రోజులు తుడిచాం. వైద్యం, విడాకుల చట్టం, సంతాన నియంత్రణ, ఇతర మతాలు, దేవుడు లేడని వాదించే గ్రంథాలు, ప్రేమకథలు. మనిషి ఇంకొకరికి చెప్పుకోలేక పుస్తకాన్ని అడిగే బీరువాలు అయిదు. పుస్తకాలు ఆరు వందల పన్నెండు. సూరిబాబు మధ్యాహ్నాలు ఆటో వాకిట్లో నిలిపి వచ్చి, తన జాడ పడకుండా చేతులకు గుడ్డ చుట్టుకుని, తడి పుస్తకాలను తీగల మీద ఆరవేసేవాడు. ఆరిన ప్రతి పుస్తకాన్నీ నేను చేతిలోకి తీసుకుని, తెరిచి, బొటనవేలు ఆనించి, ఒక పుట పూర్తిగా చదివాను. కొన్ని పుటలు చదువుతూంటే ఒళ్ళు జలదరించింది. కొన్ని, ఇంతకాలం ఎందుకు చదవలేదా అనిపించాయి. నల్ల అట్ట పుస్తకాన్ని మాత్రం మొదటి నుంచి చివర దాకా చదివాను. అరవైమూడో పుట దగ్గర, పిల్ల పళ్ళ మధ్య చెంచా పెట్టరాదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తెలివి వచ్చేదాకా దగ్గర కూర్చుంటే చాలు అని వ్రాసి ఉంది. "దగ్గర కూర్చుంటే చాలు" అన్న మాట కింద ఎవరిదో గోటి గీత. దాన్ని ఏ గుడ్డా చెరపలేదు.

పెద్దయంత్రం వచ్చింది. జోగిరాజుగారూ సంఘసభ్యులూ కుర్చీల్లో కూర్చున్నారు. పద్నాలుగో బీరువాతో మొదలై, మేము తుడిచిన బీరువాల పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి దాని నోట్లోకి వెళ్ళాయి. తెరమీద పేరు వచ్చింది: మంథా సోమసుందర చయనులు. తరువాతి పుస్తకానికీ అదే. ఆ తరువాతా అదే. విడాకుల చట్టం, చయనులు. కుష్ఠు వ్యాధి, చయనులు. సంతాన నియంత్రణ, చయనులు. వెనక వరుసలో ఎవరికో నవ్వాగలేదు. నల్ల అట్ట పుస్తకం వచ్చింది: చయనులు. అరవైమూడవ పుట, భయం లేదు, దుఃఖం అత్యధికం.

పృథ్వీధర్ మెత్తదనం ఆరోజుకు అయిపోయింది. "ఏం చేశారు సార్ మీరు? ఇది డేటా నాశనం చెయ్యడం!"

"శుభ్రం చేయమని నువ్వే వ్రాశావు నాయనా. ఆ తరువాత నేను చేసినదాన్ని మావైపు చదవడం అంటారు."

జోగిరాజుగారు కుర్చీలోంచి లేచి నా దగ్గరకు వచ్చారు. మా రెండు కుటుంబాలకూ మూడు తరాల పరిచయం. నా ఆచారం ఆయనకు నాకన్నా బాగా తెలుసు. వాళ్ళింట్లో నేను మంచినీళ్ళు కూడా తాగి ఎరగను. గొంతు తగ్గించి, ఇంకా నమ్మలేనట్టు అడిగారు: "చయనులుగారూ, ఊళ్ళో ఎవరెవరో పట్టుకున్న పుస్తకాలండీ ఇవి. ఇవన్నీ మీరు ముట్టుకున్నారా?"

దయామణి తరువాతి పుస్తకం పట్టుకుని నా పక్కన నిలబడి ఉంది. చేయి చాచి ఆమె చేతిలోంచి అందుకున్నాను.

"ముట్టుకున్నాను" అన్నాను.